పదిహేడో పేరు

నెల్లూరు,
నవంబరు 6

రోజాకు,

నీ ఫోను ఇరవై రోజులుగా పలకడం లేదు. మొదటి వారం రోజుకు పదిసార్లు చేశాను, తర్వాత రోజుకొకసారి. ఇక లాభం లేదని కాగితం తీసుకున్నాను. పోస్టాఫీసులో కవరు అడిగితే అక్కడి ఆమె నన్ను పైనుంచి కిందికి చూసి, "కొరియరా అమ్మా?" అంది. కాదండీ, ఉత్తరం అన్నాను. నా చేతిరాత ఎంత పాడైందో ఇప్పుడే తెలుస్తోంది. కాలేజీలో రికార్డులన్నీ నీ చేత రాయించుకున్నందుకు నాకిలాగే కావాలి.

మీ ఆయన గురించి, మా పెంచలన్న గురించి, ఏం రాయాలో తెలియడం లేదు. అక్టోబరు పదిహేడున బోటు తిరగబడింది, మర్నాడు తోడు వెళ్ళిన కామాక్షయ్య ఒక్కడే దొరికాడు, అన్న దొరకలేదు. నాకు తెలిసింది ఇంతే. అయిదో రోజు వచ్చాను, నీకు గుర్తుందో లేదో. నువ్వు గోడవైపు తిరిగి కూర్చున్నావు. నీ చేతిలో ఎవరో పెట్టిన టీ చల్లారిపోతే గ్లాసు తీసి పక్కన పెట్టాను. గంటసేపు కూర్చుని వచ్చేశాను. బస్సులో కూడా నాకు ఏడుపు రాలేదు. కండక్టరు ఇవ్వాల్సిన చిల్లర అడిగి మరీ తీసుకున్నాను.

మా అమ్మ నీకోసం రోజూ దువా చేస్తోంది. నిన్ను తీసుకొచ్చి నాలుగు రోజులు మా ఇంట్లో ఉంచుకోమంటోంది. నువ్వు రావని చెప్పినా వినదు. నీకు తెలుసు కదా, మా అమ్మ షమీమ్ ఒకసారి అనుకుంటే ఇక అంతే.

ఇంకొకటి. మీ పాలెం సంఘానికి నేను చేసిచ్చిన పేజీ ఉంది కదా, చేపల వేటకు పోయినవాళ్ళు ఒడ్డుకు చేరారో లేదో రోజూ సాయంత్రం ఆరింటికి చూపించేది. దాని గురించి ఊళ్ళో ఏమైనా అనుకుంటున్నారా? పెద్ద విషయమేం కాదు. తెలిస్తే రాయి.

నీ
షాహిస్తా

కొత్తపల్లెపాలెం,
నవంబరు 15

షాహిస్తాకు,

ఉత్తరం అందింది. ఫోను ట్రంకుపెట్టెలో పెట్టేశాను. మోగితే భయంగా ఉంటోంది, మోగకపోయినా అలాగే ఉంటోంది. నువ్వు ఉత్తరాలే రాయి.

నేను బాగానే ఉన్నాను. తింటున్నాను. నిద్రపోతున్నాను. మా అత్త ముసలమ్మ నాకంటే గట్టిగా ఉంది. ఎవరైనా వచ్చి కొడుకు సంగతి ఎత్తితే "వస్తా ఉండాడు" అని లోపలికి పోతుంది. పాలెంలో పద్ధతి అది, నీకు చెప్పాను కదా. మగవాడు నీళ్ళమీద ఉన్నంతసేపు ఆడవాళ్ళు 'రాలేదు' అనే మాట నోట రానివ్వరు. ఎంత ఆలస్యమైనా, ఎవరడిగినా, వస్తా ఉండాడనే అంటారు. అత్త ఇంకా అదే అంటోంది. మనిషి దొరకలేదు కాబట్టి ఎవరూ ఆమెను కాదనలేకపోతున్నారు. కర్మలు కూడా చేయలేదు.

పేజీ గురించి అడిగావు. అనుకుంటున్నారు. ఆ సాయంత్రం ఆరింటికి చిన్నపోలయ్య ఇంకో ముగ్గురిని వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చాడు. గాలి ఎక్కువగా ఉంది, కావాలంటే బోట్లు తీసి వెతుకుదామని వచ్చారు. "మేయ్, పెంచల్ వచ్చినాడా?" అని అడిగాడు. నేను ఫోను తెరిచి చూపించాను. పదిహేడో పేరు పెంచల్, పక్కన 'చేరినాడు' అని ఉంది. గాలికి ఇక్కడ దిగలేక జువ్వలదిన్నె హార్బరులో దిగి ఉంటాడు, ఆటోలో వస్తాడు అన్నాను. అంతకుముందు రెండుసార్లు అలాగే వచ్చాడు. వాళ్ళు వెళ్ళిపోయారు. నేను అన్నం వార్చాను.

జువ్వలదిన్నెలో మావాళ్ళెవరూ దిగలేదని తెల్లవారాక తెలిసింది. అప్పుడు బోట్లు తీశారు.

అందరూ జీవానందంగారినే అంటున్నారు. ఒడ్డున కూర్చుని, వచ్చినవాళ్ళ పేర్లు ట్యాబులో నొక్కేది ఆయనే కదా. జువ్వలదిన్నెలో దిగినవాళ్ళ సంగతి కూడా ఫోనులో కనుక్కుని ఆయనే నొక్కుతాడు. ఆ సాయంత్రం భార్యను చూడటానికి కావలి ఆసుపత్రికి వెళ్ళాడు. బస్సుకు టైమైందని చూడకుండా అందరి పేర్లూ నొక్కేశాడంటున్నారు. మూడో రోజు నేను అందరి ముందూ ఆయన చొక్కా పట్టుకుని ఎందుకు నొక్కినావని అడిగాను. "నేనేం నొక్కలేదు తల్లీ" అన్నాడు. జేబు చిరిగి నా చేతిలోకి వచ్చింది. ఆయనకు అరవై దాటాయి.

ఇక్కడి విశేషాలు ఇంతే.

రోజారమణి

నెల్లూరు,
నవంబరు 26

రోజాకు,

నీ ఉత్తరం ఆఫీసులో భోజనాల టైములో చదివాను. చదివి, డబ్బాలో ఉన్నది తినేసి, మళ్ళీ పనిలో కూర్చున్నాను. సాయంత్రం దాకా మామూలుగానే ఉన్నాను. ఇంటికి వచ్చాక చెప్పులు విప్పకుండానే గుమ్మంలో కూర్చుండిపోయాను.

జీవానందంగారు ఏం చేశాడో, ఏం చేయలేదో అప్పుడే ఎవరూ తేల్చవద్దని చెప్పు. నేను చూస్తున్నాను. టవరు సమస్య కూడా అయి ఉండవచ్చు, గాలి రోజు కదా. ఇలాంటివి తేలడానికి టైము పడుతుంది. అందాకా పెద్దాయన్ని ఏమీ అనకండి.

మొన్న అల్మరా సర్దుతుంటే మన సెకండియర్ ల్యాబు రికార్డు కనిపించింది. అటెండెన్సు ప్రోగ్రాం గుర్తుందా? క్లాసులో నలభై మంది పేర్లూ వరుసగా ఇచ్చి, ప్రతి పేరు పక్కనా ముందే ఒక విలువ పెట్టాలి. మేమంతా తెలివైనవాళ్ళం కదా, అందరికీ ముందే 'ప్రెజెంట్' అని పెట్టేసి, రానివాళ్ళను మాత్రం మార్చాం. పని తక్కువ. నువ్వొక్కదానివే అందరికీ 'ఆబ్సెంట్' పెట్టి, వచ్చినవాళ్ళను ఒక్కొక్కరినీ మార్చుకుంటూ కూర్చున్నావు. సుశీల్ కుమార్ సార్ "ఎందుకమ్మా ఇంత చాకిరీ?" అంటే, "కళ్ళతో చూసిందాకా లేనట్టే కదా సార్" అన్నావు. క్లాసంతా నవ్వింది. సార్ నీకు పదికి పది వేశాడు. నీది చూసి మళ్ళీ రాసిన నాకు తొమ్మిదే వచ్చాయి.

ఎందుకో అదే గుర్తొస్తోంది. ఆరోగ్యం చూసుకో.

షాహిస్తా

కొత్తపల్లెపాలెం,
డిసెంబరు 9

షాహిస్తాకు,

టవరు సమస్య కాదు. టవరు బాగుండబట్టే కదా నేను ఆరింటికి పేజీ తెరిచాను.

జీవానందంగారు వెళ్ళిపోయాడు. ఎవరూ పొమ్మనలేదు. టీ బంకు దగ్గర ఆయనకు టీ ఇవ్వడం మానేశారు. ఒడ్డున సంఘం షెడ్డులో ఉండే ఆయన కుర్చీ బయట వర్షంలో పడేసి ఉంటే, దాన్ని తుడుచుకుని నాలుగు రోజులు అందులోనే కూర్చున్నాడు. అయిదో రోజు సంఘం ప్రెసిడెంటు చెంచురామయ్యగారు ట్యాబు ఇచ్చేయమన్నాడు. ఇచ్చేసి భార్యను తీసుకుని ఇందుకూరుపేటలో కూతురి దగ్గరకు పోయాడు. ఆమెకు వారానికి రెండుసార్లు రక్తం శుద్ధి చేయించాలి. ముందు ఒక బస్సుతో పోయేది, ఇప్పుడు రెండు మారాలట.

ఆయన సామాను ఆటోలో ఎక్కించుకునేటప్పుడు నేను ఎండుచేపలు తిరగేస్తున్నాను. ఆయన చూశాడు. నేను తలెత్తలేదు.

పెంచల్ వల చిన్నపోలయ్య అడిగితే ఇచ్చేశాను. భుజాన వేసుకుని పోతుంటే చూస్తూ నిలబడ్డాను. ఏమీ అనిపించలేదు. ఏమైనా అనిపిస్తుందేమోనని ఇంకాసేపు నిలబడ్డాను కూడా.

ల్యాబు సంగతి ఎందుకు రాశావు?

రోజారమణి

నెల్లూరు,
డిసెంబరు 21

రోజాకు,

జవాబు ఆలస్యమైంది. ఆఫీసులో పని ఎక్కువగా ఉంది. ల్యాబు సంగతి ఊరికే రాశాను, రికార్డు కనిపించింది కాబట్టి.

మా అమ్మ ఖర్జూరాలు, ఒక దుప్పటి పంపుతోంది. పార్సిలు విడిగా వస్తుంది. మీ అత్తకు చలికి పనికొస్తుంది.

జీవానందంగారి అల్లుడి పేరు, ఇందుకూరుపేటలో వీధి పేరు తెలిస్తే రాయి. ఎందుకని అడగవద్దు.

షాహిస్తా

కొత్తపల్లెపాలెం,
జనవరి 5

షాహిస్తాకు,

దుప్పటి అందింది. అత్త కప్పుకుంటోంది. వీధి పేరు నాకు తెలియదు.

కామాక్షయ్య మొన్న మా ఇంటికి వచ్చాడు. ఇన్నాళ్ళూ నా ఎదుట పడలేదు. గుమ్మంలోనే కూర్చుని, నేల చూస్తూ చెప్పాడు. బోటు మధ్యాహ్నమే తిరగబడిందట. ఇద్దరూ దాని అంచు పట్టుకుని ఉన్నారట. "తెల్లారేదాకా పట్టుకునే ఉండాడు వదినా. ఆరు దాటినాక ధైర్యం వచ్చింది ఆయనకి. పేజీలో మన పేర్ల పక్కన రాలేదని చూసుంటారు, ఈపాటికి బోట్లు తీసుంటారు అంటానే ఉండాడు. తెల్లారినాక చెయ్యి జారింది" అన్నాడు.

మావాళ్ళు కామాక్షయ్య దగ్గరికి చేరేటప్పటికి ఏడున్నర.

ఇది మా అత్తకు చెప్పలేదు. నీకు చెబుతున్నాను.

ఇంకో సంగతి. కొన్నాళ్ళు ఎవరూ ఆ పేజీ జోలికి పోలేదు. ఇప్పుడు మళ్ళీ చూస్తున్నారు. నిన్న చిన్నపోలయ్య ఆరున్నర దాటాక వచ్చాడు. ఇంజను ఆగిపోతే తెడ్డు వేసుకుని వచ్చాడట. ఆయన భార్య చెంచమ్మ ఫోను తెచ్చి నాకు చూపించింది. ఆరింటికే చేరినాడని ఉంది. చూపించి పోయింది.

ట్యాబు చెంచురామయ్యగారి బీరువాలో ఉంది. నెల రోజులుగా దాన్ని ఎవరూ నొక్కడం లేదు. అయినా పేజీలో నలభై ఆరు మందీ రోజూ సాయంత్రం చేరుతూనే ఉన్నారు. పెంచల్ కూడా.

నీకు తెలిస్తే మంచిదని రాశాను.

రోజారమణి

నెల్లూరు,
జనవరి 11

రోజా,

ఆ రోజు జీవానందంగారు నిజంగానే ఏమీ నొక్కలేదు. చేరినాడు అని రాసింది నేను. జులైలో రాశాను.

నీకు గుర్తుండే ఉంటుంది. వేట నిషేధం అయిపోయి బోట్లు దిగిన మొదటి వారాలు. పేజీ అప్పుడు వేరేగా ఉండేది. మీ నలభై ఆరు పేర్లూ తీసుకుని ప్రతి పేరు పక్కనా ముందే 'రాలేదు' అని పెట్టేదాన్ని. జీవానందంగారు నొక్కినవాళ్ళకు మాత్రం అది 'చేరినాడు'గా మారేది. పెద్దాయన చేయి నెమ్మది. ఇంటికొచ్చి అన్నం తింటున్నవాళ్ళ పక్కన కూడా రాలేదనే ఉండేది. జ్వరం వచ్చి వేటకే పోకుండా దుప్పటి కప్పుకుని పడుకున్న చిన్నపోలయ్య పక్కన రాలేదని చూసి, చెంచమ్మ చీపురు పట్టుకుని మీ ఇంటిమీదికి వచ్చింది. నువ్వు ఫోను చేసి నవ్వుతూనే, "షాహీ, నీకు పుణ్యముంటుంది, ఆ పాడు మాట తీసెయ్. చేరినాడని పెట్టు. లేకపోతే ఈ ఆడోళ్ళు నన్ను బతకనివ్వరు" అన్నావు.

నేను మా తమ్ముడు అర్మాన్ పెళ్ళి బట్టల కోసం కొట్లో కూర్చుని ఉన్నాను. చీరల మధ్యనే ల్యాప్‌టాప్ తెరిచి ఆ ఒక్క మాట మార్చాను. రెండు నిమిషాలు పట్టింది. ల్యాబులో చేసిన పనే అది. పేర్ల వరుస ఒకటి, మాట ఒకటి ఇస్తే, ప్రతి పేరు పక్కనా ఆ మాట పెట్టి ఇచ్చే ఒక్క లైను. ఏ మాట పెడుతున్నామో దానికి తెలియదు. ఇచ్చింది పెడుతుంది.

మాట మార్చాక జీవానందంగారు నొక్కినా చేరినాడే, నొక్కకపోయినా చేరినాడే. రానివాళ్ళను చూపించడానికి ఆయనకు ఇంకో బటన్ ఇవ్వాలనుకున్నాను. రేపు చేద్దామనుకున్నాను. పెళ్ళి పనుల్లో మర్చిపోయాను. మాట మార్చిన సంగతి కూడా ఆయనకు చెప్పలేదు. మూడు నెలలు అందరూ తిరిగి వచ్చారు, అందుకని పేజీ నిజం చెబుతున్నట్టే ఉంది. ఆ సాయంత్రం ఆయన పెంచలన్న పేరు నొక్కకుండా వదిలి, పేజీలో రాలేదని పడుతుంది, ఊళ్ళోవాళ్ళు చూసుకుంటారు అన్న నమ్మకంతో బస్సెక్కాడు.

ఇదంతా అక్టోబరు పద్దెనిమిది రాత్రే నాకు తెలుసు. ప్రోగ్రాం తెరిచి ఆ లైను చూశాను. చూసి మూసేశాను. దాన్ని ముట్టుకుంటే, నేను మార్చినట్టు తారీఖుతో సహా రికార్డులో పడుతుందని భయపడ్డాను. నీకు టవరని అబద్ధం రాశాను. పెద్దాయన కుర్చీ వర్షంలో ఉందని చదివి కూడా ఖర్జూరాలు పంపాను. మొన్న చిన్నపోలయ్యకు ఏమైనా అయి ఉంటే అది కూడా నాదే అయ్యేది.

నిన్న సాయంత్రం అయిదున్నరకు ఆ పేజీ ఆపేశాను. ఈ కవరులో ఇంకో కాగితం ఉంది. సంఘానికి రాసింది. జరిగిందంతా అందులో ఉంది. ఎవరు మార్చమన్నారో మాత్రం రాయలేదు, 'ఒకరు అడిగారు' అని వదిలేశాను. దాన్ని చెంచురామయ్యగారికి ఇవ్వు. జీవానందంగారు వచ్చి వినాలి. ఇవ్వలేకపోతే చెప్పు, నేనే వచ్చి చదువుతాను.

క్షమించమని అడగడానికి నాకు నోరు రావడం లేదు.

షాహిస్తా

కొత్తపల్లెపాలెం,
ఫిబ్రవరి 2

షాహిస్తాకు,

పదో తారీఖు ఆరింటికి పేజీ తెరిస్తే లేదు. నీ ఉత్తరం రాకముందే అర్థమైంది, ఇక చెప్పబోతున్నావని.

నాకూ తెలుసు. మూడో రోజు జీవానందంగారి జేబు ముక్క చేతిలో పెట్టుకుని ఇంటికి వచ్చాక, "నేనేం నొక్కలేదు" అన్న మాట మళ్ళీ వినిపించింది. అప్పుడు జులై గుర్తొచ్చింది. నేను కూడా ఆ ల్యాబులో చదివినదాన్నే కదా. ముందే పెట్టిన మాట ఏమవుతుందో నాకు తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది? అయినా నోరు విప్పలేదు. నువ్వు చెబుతావేమోనని చూశాను. నువ్వు చెబితే నేను చెప్పక్కర్లేదు. నువ్వూ నాకోసం అలాగే చూస్తున్నావేమో.

నీకు ఒక అబద్ధం చెప్పాను. ఫోను పెట్టెలోనే ఉంటుంది, నిజమే. కానీ రోజూ ఆరింటికి తీసేదాన్ని. పేజీ తెరిచి పదిహేడో పేరు చూసి, మళ్ళీ పెట్టి తాళం వేసేదాన్ని. ఎనభై అయిదు రోజులు ఆయన రోజూ చేరాడు. నేను నోరు విప్పితే నువ్వు సరిచేస్తావు, సరిచేస్తే అది పోతుంది. పెద్దాయన కుర్చీ వానలో ఉన్నా నాకు అదే ముఖ్యమైంది. ఇప్పుడు పేజీ లేకపోయినా ఆరింటికి చెయ్యి దానంతట అదే పెట్టె మీదికి పోతోంది.

నీ కాగితం నిన్న షెడ్డులో చదివారు. చెంచురామయ్యగారికి కళ్ళజోడు లేక నన్నే చదవమన్నాడు. జీవానందంగారికి ఫోను చేసి పిలిపించారు. చివరి బెంచీమీద కూర్చున్నాడు. 'ఒకరు అడిగారు' అన్న చోట ఆగాను. ఆగి, "అడిగింది నేనే" అని చదివాను. కాగితంలో అదే ఉందనుకున్నారు. తల పైకెత్తి మళ్ళీ చెప్పాను.

చెంచమ్మ లేచి, "ఆ పిల్లొక్కతే అడగలా. చీపురెత్తింది నేను. మనందరం అడగమన్నాం" అని కూర్చుంది. చెంచురామయ్యగారు జీవానందంగారి దగ్గరకు వెళ్ళి నిలబడ్డాడు. పెద్దాయన ఒకటే అడిగాడు. "నేను నొక్కినా నొక్కకపోయినా ఒకటే అయితే, మూడు నెలలు ఆ ఎండలో నన్నెందుకు కూర్చోబెట్టినారు?" మంచినీళ్ళు అడిగి తాగి, బస్సుకు వెళ్ళిపోయాడు. మళ్ళీ రానన్నాడు.

పేజీ కావాలనే అంటున్నారు. ఏం మాట పెట్టాలని అడిగితే, రాలేదు వద్దని ఆడవాళ్ళు, చేరినాడు వద్దని మగవాళ్ళు అన్నారు. అప్పుడు మా అత్త, "వస్తా ఉండాడని పెట్టకూడదా?" అంది. రోజూ మా నోట్లోనే ఉన్న మాట. నువ్వూ నేనూ ఇంత చదివి, ఉన్నవి రెండే మాటలనుకున్నాం.

ఆ మాట పెట్టు. మనిషిని చూసినవాళ్ళు నొక్కితేనే అది మారాలి.

రోజారమణి

నెల్లూరు,
ఫిబ్రవరి 12

రోజాకు,

పెట్టాను. పదిసార్లు పరీక్షించాను. ఎవరూ నొక్కకపోతే తెల్లవార్లూ 'వస్తా ఉండాడు' అనే ఉంటుంది. ఏడు దాటినా అలాగే ఉంటే చెంచురామయ్యగారికీ, ఇంకో అయిదుగురికీ ఫోను మోగుతుంది.

ఆఫీసులో మా పని చూసే తహీరన్నకు అంతా చెప్పాను. ఇక ఏ పని చేసినా ఇంకొకరు చూడందే బయటికి పంపవద్దన్నాడు. సరే అన్నాను. అంతకంటే గట్టిగా ఏమైనా అంటాడనుకున్నాను.

ఇందుకూరుపేట వెళ్ళాను. జీవానందంగారు ఇంట్లోకి రమ్మని కుర్చీ వేశాడు. భార్య నిద్రపోతోంది, మెల్లగా మాట్లాడమన్నాడు. నేను చెప్పిందంతా విని, "ఆ రోజు ఒక్క మాట నాతో అని ఉంటే బాగుండేదమ్మా" అన్నాడు. వచ్చేశాను.

పేజీ ఇంకా తెరవలేదు. ఒక్కటి నిన్ను అడగాలి. వరుసలో పదిహేడో పేరు అలాగే ఉంది. ఉంచితే ఇక రోజూ దాని పక్కన 'వస్తా ఉండాడు' అని పడుతుంది. ఎప్పటికీ మారదు. తీయడానికి నాకు చెయ్యి రావడం లేదు, ఉంచడానికీ రావడం లేదు. నువ్వు ఏది చెబితే అది.

నిన్ను చూడాలని ఉంది. నువ్వు రమ్మన్నప్పుడే వస్తాను.

షాహిస్తా

కొత్తపల్లెపాలెం,
మార్చి 5

షాహిస్తాకు,

ఫోనులో "తీసెయ్, తెరువు" అని రెండు మాటలు చెప్పి పెట్టేశాను. ఎందుకో ఇప్పుడు రాస్తున్నాను.

నీ ఉత్తరం వచ్చాక వారం రోజులు ఏమీ తేల్చుకోలేకపోయాను. ఉంచమనే రాయబోయాను. కాగితం కూడా తీశాను. తర్వాత మా అత్తను కూర్చోబెట్టి మొత్తం చదివి వినిపించాను. కామాక్షయ్య చెప్పింది కూడా చెప్పాను. ఆమె చేపల తట్ట అల్లుకుంటూ వింది. చివర్లో, "పేరు ఉంచమంటావా అత్తా?" అని అడిగాను.

"తీసెయ్యమను" అంది. "ఆ మాట వచ్చేవాళ్ళ పక్కన ఉండాల్సింది. నా కొడుకు పక్కన పెడితే మిగిలినోళ్ళ పక్కన దానికి విలువుండదు." కాసేపు తట్ట అల్లింది. తర్వాత, "నా కొడుకు రాలేదు" అంది.

ఈ ఇంట్లో ఆ మాట వినడం అదే మొదటిసారి. ఆమె తట్ట పక్కన పెట్టి ఏడ్చింది. నాకు ఏడుపు రాలేదు. ఆమె వీపు నిమురుతూ కూర్చున్నాను. మర్నాడు కర్మలు పెట్టుకున్నాం.

జీవానందంగారి కోసం కొత్త చొక్కా తీసుకుని ఇందుకూరుపేట వెళ్ళాను. తీసుకోలేదు. చిరిగిన జేబు ముక్క ఇస్తే మాత్రం తీసుకున్నాడు. ఆ చొక్కా ఇంకా ఉంది, కుట్టించుకుంటానన్నాడు. బస్టాండు దాకా వచ్చి నన్ను బస్సెక్కించాడు.

నీ మీద కోపం ఉందా అని నువ్వు అడగలేదు. అడగకపోవడమే మంచిది. నాకు ఇంకా ఏదీ సరిగ్గా తెలియడం లేదు. తెలిసిన రోజు రాస్తాను. రమ్మని కూడా అప్పుడే రాస్తాను.

ట్యాబు పని ఇప్పుడు ఆడవాళ్ళం వంతులు వేసుకున్నాం. మొన్న మంగళవారం నా వంతు. ముప్పై ఒక్క మంది పోయారు. వేటకు పోకుండా ఊళ్ళో ఉన్న పద్నాలుగు మందిని ముందే ఇళ్ళకు వెళ్ళి చూసి నొక్కాను. మిగిలినవాళ్ళను బోటు దిగుతుంటే ఒక్కొక్కరి ముఖం చూసి నొక్కాను. జువ్వలదిన్నెలో ఇద్దరు దిగారని ఫోను వస్తే, వాళ్ళ చేత మాట్లాడించి, గొంతు విని నొక్కాను. కామాక్షయ్య నవ్వాడు, "ఏంది వదినా, మమ్మల్ని నమ్మవా?" అని. కళ్ళతో చూసిందాకా నమ్మనన్నాను.

ఆరింటికి ఇంటికి వచ్చి ఫోను తెరిచాను. ఇప్పుడది పెట్టెలో లేదు, అరుగు మీదే ఉంటోంది. నలభై అయిదు పేర్లు పైనుంచి కిందికి చదివాను. పదిహేడో పేరు ఇప్పుడు చిన్నపోలయ్యది. ఆ రోజు అతను అయిదు కాకముందే వచ్చాడు.

రోజారమణి